శబ్దం లేని ఏడు ఫైళ్ళు

మంగళవారం, 4

మా అమ్మ గొంతు చెరిపేశావు. ముందు ఈ మాట రాయాలి, మిగతావన్నీ తర్వాత. నేను సెలవులో ఉంటే నా ఫైళ్ళు తెరిచావు. అడక్కుండా మార్చావు. మార్చినవి ఉంచి అసలువి తీసేశావు. పైగా పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టి నవ్వావు. "ఇదిగో అమ్మాయ్, మీ అమ్మగారి వీడియోలు. నీకో పని తప్పింది." నేను థాంక్స్ కూడా చెప్పాను. ఆ థాంక్స్ వెనక్కి తీసుకుంటున్నాను.

పాత టేపులు కంప్యూటర్లోకి మార్చే షాపులో నేను సారూ అని పిలిచే యజమానిని ఇక్కడ నువ్వు అంటున్నాను. ఇది నా పుస్తకం. ఇక్కడ నీకు మర్యాద లేదు.

ఇంటికొచ్చి కంప్యూటర్లో పెట్టాను. అమ్మ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది, మెడ మీది గుడ్డ సర్దుకుని, ఏదో ఫొటో దిగబోతున్నట్టు. మొదటి వీడియోలో అమ్మ తన కుట్టు క్లాసులో కటింగ్ బల్ల దగ్గర నిలబడి గుడ్డ మీద సుద్దతో గీత గీస్తూ ఎవరికో చెబుతోంది. పెదాలు కదులుతున్నాయి. శబ్దం లేదు. స్పీకరు వైరు పీకి మళ్ళీ పెట్టాను. పాట పెట్టి చూశాను, పాట మోగింది. రెండో వీడియో. మూడోది. ఏడింటిలోనూ అమ్మ మాట్లాడుతూనే ఉంది, ఏడింటిలోనూ ఏమీ లేదు.

అమ్మ సుద్దముక్క తీసుకుని బల్ల మీద రాసింది: "అచ్చం ఇప్పటి నాలాగే ఉన్నానే." రాసి నవ్వింది. ఆ నవ్వుకీ శబ్దం లేదు. డాక్టర్లు స్వరపేటిక తీసేసి ఎనిమిది నెలలైంది. అప్పట్నుంచీ మా ఇంట్లో మాటలన్నీ ఆ బల్ల మీదే పుట్టి, అమ్మ అరచేతి కింద చెరిగిపోతున్నాయి.

ఫైలు లోపలి వివరాలు తెరిచి చూశాను. బొమ్మ వరస ఒకటి ఉంది. శబ్దం వరస అసలు లేనే లేదు. తక్కువ శబ్దం కాదు, పాడైన శబ్దం కాదు. లేదు.

బుధవారం, 5

రాసుకోకపోతే తల పగిలేలా ఉంది.

ఫైలు అంటే ఒక పెట్టె. చుక్క తర్వాత ఉండే మూడు నాలుగు అక్షరాలు ఆ పెట్టె మీది చీటీ మాత్రమే. లోపల బొమ్మ వేరుగా, శబ్దం వేరుగా మూట కట్టి ఉంటాయి. మూట కట్టిన పద్ధతి పేరే కోడెక్. ఏ పద్ధతిలో కట్టారో ఆ పద్ధతి తెలిసిన కంప్యూటరే విప్పగలదు. బొమ్మ మూట విప్పడం తెలిసి, శబ్దం మూట విప్పడం తెలియని కంప్యూటరు ఏం చేస్తుంది? నోరు మూసుకుని బొమ్మ ఒక్కటే చూపిస్తుంది. "నాకు రాదు" అని చెప్పదు. అక్కడే ఉంది మోసమంతా.

ఇది నాకు ఏ కాలేజీ చెప్పలేదు. రెండేళ్ళు పాత టేపుల దుమ్ము తింటూ, ఆడని ఫైళ్ళతో తలపడి నేర్చుకున్నాను.

అమ్మవి పాత బటన్ ఫోనులో తీసిన వీడియోలు. త్రీజీపీ పెట్టె, లోపల ఏఎంఆర్ శబ్దం. ఆ కాలం ఫోన్లన్నీ అంతే. దాన్ని విప్పే డీకోడరు షాపు కంప్యూటర్లో లేదు. సారు నొక్కాడు. బొమ్మ ఆడింది, శబ్దం రాలేదు. మైకు పాడైన ఫోనని తీర్మానించాడు. శబ్దం వద్దు అని టిక్కు పెట్టి ఎంపీఫోర్‌గా మార్చాడు. మార్చినదాంట్లో మొదటి పది సెకన్లు చూశాడు. అంతటితో అసలువి డిలీట్. షాపులో అందరికీ చేసేదే.

మెమరీ కార్డు ఉందిగా అంటే, లేదు. మూడు వారాల కిందట ఒకే ఒక్కసారి చదవనిచ్చింది. ఆ ఒక్కసారిలో షాపు కంప్యూటరులోని పని డిస్కు మీదికి ఎక్కించాను. అంతే, చచ్చిపోయింది. మూడు వారాలూ ఫైళ్ళు ఆ డిస్కు మీదే ఉన్నాయి. పని ఎక్కువగా ఉండి నేను ముట్టుకోలేదు.

గురువారం, 6

అడిగాను.

"సారూ, మా అమ్మ ఫైళ్ళలో శబ్దం ఉంది. మీకు వినపడలేదంతే."

"పాత ఫోను కదా అమ్మాయ్, మైకు పోయుంటుందనుకున్నా. పోనీ బొమ్మైనా వచ్చిందిగా."

"బొమ్మ ఎవడిక్కావాలి సారూ? మనిషి ఇంట్లోనే ఉంది. గొంతే లేదు."

ఆయన తల గోక్కున్నాడు. తర్వాత గోడ వైపు చేయి చూపించాడు. "మరి నేను చేసింది రూలు ప్రకారమే కదా? అది నేను పెట్టిన రూలు కాదుగా."

గోడ మీద కాగితం ఉంది. డిస్కు నిండితే పని ఆగుతుంది, మార్చగానే అసలు ఫైలు తీసేయాలి, అని ఎర్ర స్కెచ్‌పెన్నుతో. ఎవరు రాస్తేనేం? ఎవరో రాశారు. రూలు ఉన్నంత మాత్రాన కళ్ళు మూసుకుని నొక్కేస్తారా?

డిస్కు వాడటం ఆపమని అడిగాను. డిలీట్ చేసిన ఫైలు వెంటనే పోదు. జాబితాలో పేరు కొట్టేస్తారంతే, లోపలి సరుకు అక్కడే పడి ఉంటుంది, దాని మీద ఇంకొకటి వచ్చి కూర్చునేదాకా. కూర్చుంటే మాత్రం పోయినట్టే.

"ఆపేస్తే షాపు ఎలా నడుస్తుందమ్మాయ్? ఉన్నది ఒక్క డిస్కు."

"రెండ్రోజులు చాలు సారూ."

"చూద్దాం."

చూద్దాం! ఆయన పుట్టినప్పుడు కూడా ఏడవకుండా చూద్దాం అనే ఉంటాడు.

శుక్రవారం, 7

పని డిస్కు మీదికి ఇవాళ మూడు టేపులు ఎక్కాయి. అమ్మ ఎక్కడుందో నాకు తెలీదు. దేని కింద నలిగిపోతోందో తెలీదు.

శనివారం, 8

పొద్దున షాపుకి ఒక తాతయ్య వచ్చాడు, రిటైరైన బస్సు డ్రైవరు. చేతిలో పెన్‌డ్రైవ్, దానికి పోకుండా కట్టిన దారం.

"ఇందులో మా డిపో వీడియోలున్నాయి. ఆడట్లేదమ్మా. మా అల్లుడు చెప్పాడని చివరి అక్షరాలు కూడా మార్చాను. ఎంపీఫోర్ అని రాశాను. అయినా ఆడదే!"

"చీటీ మారిస్తే లోపలి సరుకు మారుతుందా తాతయ్యా? లారీ మీద బస్సు అని రాసి జనాన్ని ఎక్కించుకున్నావా ఎప్పుడైనా?"

ఆయనకి కోపం రాలేదు. "ఎక్కించాను, ఒకసారి. సమ్మె రోజుల్లో" అన్నాడు.

చీటీ మళ్ళీ పాతదే రాసి, డీకోడరు ఉన్న నా లాప్‌టాప్‌లో తెరిచాను. ఆడింది. డిపో, వరసగా బస్సులు, ఎవరో సన్నగా ఉన్నాయన హారన్ కొడుతూ ఏదో పాట వాయిస్తున్నాడు, చుట్టూ అందరూ నవ్వులు. తాతయ్య స్టూలు మీద కూలబడ్డాడు. "అదిగో, ఆ హారన్ వాడు నా క్లీనరు. పోయి పదేళ్ళు. వెధవ, ఎంత బాగా వాయించేవాడో." కళ్ళు తుడుచుకుని నా వైపు చూశాడు. "నీ కోపానికి భయపడే ఆడిందమ్మా ఇది."

నాకు ఆయన మీద అసూయ పుట్టింది. ఒక హారన్ మోత కోసం అసూయ. అంతదాకా వచ్చాను.

మార్చాలంటే ఆయన ఫైళ్ళని ముందు పని డిస్కు మీదికి ఎక్కించాలి. కాపీ అన్న మీట దాకా వేలు వెళ్ళింది. నా చేత్తో నేనే అమ్మ మీద బస్సులు నిలబెట్టాలా? ఎక్కించలేదు. నా లాప్‌టాప్‌లోనే మార్చి ఇచ్చాను. సారు ఓసారి చూసి తన పనిలో పడ్డాడు. ఏమైనా అని ఉంటే బాగుండేది.

ఆదివారం, 9

కాజాల పిల్లకి ఫోను చేశాను. అమ్మ కుట్టు క్లాసులో ఆ అమ్మాయి కుట్టినంత నీటుగా బొత్తాం కాజాలు ఎవరికీ కుదిరేవి కావు, ఆ పేరే ఉండిపోయింది. క్లాసుకి రానివాళ్ళ కోసం అమ్మ పాఠాలు వీడియో తీసింది ఆ అమ్మాయే, తన ఫోనుతోనే.

"ఆ ఫోనా అక్కా? అది ఎప్పుడో నీళ్ళ బకెట్లో పడింది. కార్డు టీచరుగారికి ఇచ్చేశాను కదా, అంతే."

"ఇంకెవరికైనా పంపావా? ఒక్కటైనా?"

"అప్పట్లో పంపడాలెక్కడివక్కా, ఒకరి ఫోను ఇంకొకరం లాక్కుని చూసేవాళ్ళం." మళ్ళీ తనే అడిగింది. "టీచరుగారు ఎలా ఉన్నారు? మొన్న మా టైలర్ షాపులో ఒక రవిక చెడగొట్టాను. చెవిలో టీచరుగారి తిట్టు వినపడింది. అచ్చంగా వినపడిందక్కా."

నీకు వినపడుతోందా! నాకు వినపడట్లేదు. కూతుర్ని నేను. ఇరవై రెండేళ్ళు రోజూ తిన్నాను ఆ తిట్లు. కళ్ళు మూసుకుని ఒక్కటి గుర్తు చేసుకుందామంటే మాట వస్తోంది, గొంతు రావట్లేదు. పెట్టె వస్తోంది, లోపల ఏమీ లేదు.

అమ్మ అంతా వింటూనే ఉంది. బల్ల మీద రాసింది: "ఎందుకే ఈ గోల? నాకు అవసరం లేదు." రెండుసార్లు గీత కూడా గీసింది కింద.

సోమవారం, 10

ఆ ఎర్ర స్కెచ్‌పెన్ను అక్షరాలు నావే.

చేరిన రెండో నెలలో రాశాను. డిస్కు నిండి పని ఆగినప్పుడు, ఈయనకేమీ తెలియదు, నేనే అన్నీ సరిచేయాలి అని పొగరుగా రాసి, స్టూలెక్కి అతికించాను. "తెలివైన పిల్ల" అని సారు వచ్చినవాళ్ళందరికీ చూపించాడు. నాకు ఒళ్ళంతా పొంగింది.

ఇంకొకటి కూడా రాయాలి. రాసేస్తున్నాను. ఎక్కించిన రోజే ఆ ఫైళ్ళ వివరాలు చూశాను. ఏఎంఆర్ అని తెలుసు. షాపు కంప్యూటర్లో శబ్దం రాదని తెలుసు. డీకోడరు నా లాప్‌టాప్‌లో ఉంది. కాపీ చేసుకోవడానికి ఐదు నిమిషాలు. మూడు వారాలు చేయలేదు. పని ఎక్కువగా ఉండి అని రాశాను పైన. పని ఎక్కువేం లేదు. భయం. ఆ గొంతు విన్నాక తల తిప్పి చూస్తే సుద్దముక్క పట్టుకున్న మనిషి ఉంటుంది. రేపు వింటాను, రేపు వింటాను అనుకుంటూ ఇరవై ఒక్క రోజులు దాటించాను. సారుకి ఒక్క మాట చెప్పి ఉంటే? "అవి ముట్టుకోవద్దు సారూ." మూడు మాటలు.

అయినా డిలీట్ నొక్కింది ఆయనే. అది మారదు.

మంగళవారం, 11

సారు భోజనానికి వెళ్ళిన ముప్పావుగంటలో డిస్కుని వెతికే ప్రోగ్రాం నడిపాను. అది డిస్కు మీద ఏమీ రాయదు, చదువుతుందంతే. త్రీజీపీ పెట్టెలన్నీ ఒకే రకం అక్షరాలతో మొదలవుతాయి. ఆ అక్షరాలు ఎక్కడున్నాయో వెతకాలి. ముప్పావుగంటలో డిస్కులో ఓ మూల మాత్రమే అయింది. మొత్తం కావాలంటే రెండు రోజులు కదపకుండా వదిలేయాలి.

ఒకటి దొరికింది! సగం పెట్టె. మొదలుంది, చివర లేదు. చివర మీద నిన్న ఎక్కిన టేపేదో కూర్చుంది. ఆ ఫోన్లు విషయసూచిక చివర్లో రాస్తాయి. సూచిక లేని పెట్టెని ఏ ప్లేయరూ తెరవదు. తెరవకపోతే పోనీ. శబ్దం ముక్కలు ముక్కలుగా ఉంటుంది, సెకనుకి యాభై ముక్కలు, అన్నీ ఒకే కొలత. బొమ్మల మధ్య నుంచి వాటిని ఏరుకోవచ్చు.

కాపీ చేసుకుని వచ్చాను. ఇంటికొచ్చాక కూర్చుని, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరాను. రెండు వందల ముప్పై ముక్కలు నిలిచాయి. నాలుగున్నర సెకన్లు.

బుధవారం, 12

పొద్దున అమ్మ టీ గ్లాసు పెట్టి వెళ్ళబోతుంటే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. నొక్కాను.

"...గుడ్డని లాగొద్దే, దానంతటది రావాలి. ఆఁ, అలా. ఏయ్, నవ్వకు, కు..."

అంతే. అక్కడ తెగిపోయింది.

మొదట ఇది అమ్మ కాదనుకున్నాను. ఇంత బొంగురుగా ఉండేదా? ఇంత గట్టిగా? ఎనిమిది నెలల్లో నా తలలో అమ్మకి వేరే గొంతు అతికించుకున్నాను, సన్నగా, మెత్తగా, జబ్బు మనిషి గొంతు. ఇది జబ్బు మనిషి గొంతు కాదు. ఇరవైమంది ఆడపిల్లల్ని ఒక్క కేకతో కూర్చోబెట్టే గొంతు. "రావాలి" దగ్గర చివర కాస్త పైకి లేస్తుంది. అది మర్చిపోయాను. అది ఎలా మర్చిపోయాను?

అమ్మ బల్ల అంచు పట్టుకుంది. అవసరం లేదన్న మనిషి. సుద్ద కోసం తడుముకుంది, దొరకలేదు, వేలితోనే టీ చెమ్మలో రాసింది.

"మళ్ళీ."

మళ్ళీ పెట్టాను. మళ్ళీ. పన్నెండో పదమూడో సార్లు. అప్పుడు సుద్ద దొరికింది. "కు తర్వాత ఏమన్నాను?"

"నాకేం తెలుసమ్మా? కుట్టు తప్పుతుంది అని ఉంటావు."

తల అడ్డంగా ఊపింది. రాసింది: "కుదురుగా కూర్చో." చెరిపింది. "కుక్కపిల్లలా ఏమిటా నవ్వు." ఇద్దరం నవ్వాం. నేను గట్టిగా, అమ్మ భుజాలు ఊగిస్తూ. నవ్వుతూ నవ్వుతూనే నాకు ఏడుపొచ్చింది, అమ్మ నెత్తి మీద మొట్టింది. మొట్టికాయలకి గొంతు అక్కర్లేదు.

షాపుకి బయల్దేరి, మర్చిపోయిన తాళాల కోసం వెనక్కి వచ్చాను. అమ్మ నా హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూడలేదు. తెర మీద ఆ చిన్న గీత మొదటి నుంచి చివరికి, మళ్ళీ మొదటికి. అమ్మ పెదాలు దాంతోపాటు కదులుతున్నాయి. లాగొద్దే. దానంతటది. ఆఁ, అలా. సరిగ్గా శబ్దంతో కలిపి, ఒక్క వెంట్రుక వాసి తేడా లేకుండా. తెగిన చోట పెదాలు ఆగలేదు. ఇంకా ఏదో చెప్పింది. ఏం చెప్పిందో నాకు అర్థం కాలేదు.

తాళాలు తీసుకోకుండానే వచ్చేశాను.

అదే రోజు, సాయంత్రం

డాన్స్ స్కూలు పని వచ్చింది. పదిహేనేళ్ళ టేపులు, నూట నలభై. సారు చేతులు రుద్దుకుంటున్నాడు. "శనివారం పొద్దున పదింటికి మొదలెడదాం అమ్మాయ్. డిస్కు మొత్తం నిండుతుంది చూడు."

మొత్తం.

"సారూ, నిన్న ఒక ముక్క దొరికింది. వినండి." నా ఫోనులో పెట్టాను. ఆయన తల వంచి విన్నాడు. నాలుగున్నర సెకన్లు. ఆయన మొహం మారింది. కళ్ళజోడు తీసి తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

"మీ అమ్మగారేనా?"

"ఆఁ."

"మా ఆవిడ బట్టలు కుట్టించుకునేది ఆవిడ దగ్గర. ఒకసారి నేనే తీసుకెళ్ళా. కొలతలు తప్పు చెప్పానని తిట్టింది." నవ్వబోయాడు. "నీకు తీరిక దొరకట్లేదు, ఇంటికి వెళ్ళగానే చూసుకుంటావని చేశానమ్మాయ్. నాకు..."

వాక్యం పూర్తి చేయకుండా కళ్ళజోడు పెట్టుకున్నాడు.

"మరి డిస్కు, సారూ?"

"వాళ్ళకి మాటిచ్చేశాను కదా. చూద్దాంలే."

కోపం రాలేదు. రావాల్సింది. ఆయన్ని రాక్షసుణ్ణి చేసుకుంటే నాకు సుఖంగా ఉండేది, అదీ పోయింది. మంచివాడే. మంచితనంతోనే చెరిపాడు, మంచితనంతోనే మళ్ళీ చెరుపుతాడు.

గురువారం, 13

రేపు పొద్దున ఆయన కీబోర్డు మీద పెట్టే కాగితం. తప్పుల్లేకుండా ఎత్తి రాసుకోవడానికి ముందు ఇక్కడ రాస్తున్నాను.

సారూ,

మా అమ్మ మాట్లాడిన ఏడు వీడియోల్లో శబ్దం తీసేసి, అసలు ఫైళ్ళు డిలీట్ చేశారు. మంచి ఉద్దేశంతోనే చేశారని నాకు తెలుసు. అయినా చేశారు. గోడ మీది కాగితం నేనే రాశాను. ఆ ఫైళ్ళ సంగతి మీకు చెప్పకుండా దాచిందీ నేనే. నా వంతు నేను ఒప్పుకున్నాను. ఆ కాగితం ఇవాళ చింపేశాను. ఇకమీద అసలు ఫైలు, దాని మనిషి వచ్చి, మొదటి నుంచి చివరిదాకా చూసి, విని, సరే అన్నాకే తీస్తాం. పది సెకన్లు కాదు. కాదంటే ఆ పని నేను చేయను.

నాకు కావలసింది ఇది. ఈ కాగితం చదివిన నిమిషం నుంచి పని డిస్కు మీదికి ఏదీ ఎక్కించకూడదు. శుక్రవారం రాత్రి నుంచి ఆదివారం రాత్రి వరకూ దాన్ని నాకు వదలాలి. నేను షాపులోనే కూర్చుంటాను, దాన్ని బయటికి తీసుకెళ్ళను. డాన్స్ స్కూలు వాళ్ళ పని సోమవారం మొదలుపెడదాం. వాళ్ళతో నేనే మాట్లాడతాను, తిడితే నేనే పడతాను. ఆ నూట నలభై టేపులూ వరసగా ఆదివారాలు కూడా వచ్చి పూర్తి చేస్తాను.

వెతికితే ఏడూ దొరుకుతాయని చెప్పను. ఒక్కటీ దొరక్కపోవచ్చు. కానీ వెతక్కముందే దాని మీద ఇంకొకరి టేపు పెడితే, ఈసారి తెలియక చేశానని చెప్పడానికి మీకు ఉండదు, ఆపలేకపోయానని చెప్పడానికి నాకు ఉండదు.

శుక్రవారం సాయంత్రం ఆరింటికి, షట్టర్ దించకముందు, నాకు జవాబు కావాలి. చూద్దాం అంటే జవాబు కాదు. తలూపితే జవాబు కాదు. అవునో కాదో, నా ఎదురుగా నిలబడి, నోరు తెరిచి చెప్పండి. నాకు వినపడాలి.